రోజుకు రెండున్నర నిమిషాలా, 22 నిమిషాలా?

ఎల్.వి.ప్రసాద్ 1908 జనవరి 17న దెందులూరు మండలం సోమవరప్పాడులో పుట్టారు. ఆయన దర్శకత్వంలో వచ్చిన ‘మిస్సమ్మ’ గురించి సినిమా వాళ్లు ఇప్పటికీ ఒక సంగతి చెప్పుకుంటారు. కథానాయికగా మొదట భానుమతిని తీసుకున్నారు. నాలుగు రీళ్ల దాకా తీశారు కూడా. సెట్‌కు ఆలస్యంగా వచ్చారన్న విషయంలో ఆమెకూ నిర్మాత చక్రపాణికీ మధ్య పట్టింపులు వచ్చాయి. చక్రపాణి ఆ నాలుగు రీళ్లనూ తగలబెట్టేశారు. పాత్ర సావిత్రికి వెళ్లింది. 1955 జనవరి 12న సినిమా విడుదలైంది. తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

ఆ నాలుగు రీళ్ల లెక్క ఒకసారి చూద్దాం. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు ఉంటాయి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతాయి. అంటే నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాల పైచిలుకు నడుస్తుంది. నాలుగు రీళ్లంటే సుమారు 44 నిమిషాలు. ఇప్పటి డైలీ సీరియల్ లెక్కలో అది రెండు ఎపిసోడ్లు, రెండు రోజుల పని. చక్రపాణి చేసినట్టు రెండు రోజుల పనిని పక్కన పడేసే వీలు ఈనాటి ఏ సీరియల్ నిర్మాతకూ లేదు. డబ్బు ఉన్నా లేదు. ఎందుకంటే రేపు సాయంత్రం ఏడున్నరకు అదే బొమ్మ పడాలి.

అరగంట స్లాటులో సీరియల్ అరగంట ఉండదు. నిబంధనల ప్రకారం గంటకు 12 నిమిషాల దాకా ప్రకటనలు వేసుకోవచ్చు. అందులో 10 నిమిషాలు వాణిజ్య ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి. ఆ లెక్కన అరగంటకు 6 నిమిషాలు పోతాయి. టైటిల్ పాట, నిన్నటి కథ తీసేస్తే కొత్త సరుకు దాదాపు 22 నిమిషాలు మిగులుతుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లంటే 132 నిమిషాలు. అంటే సీరియల్ యూనిట్ వారానికి ఒక పూర్తి నిడివి సినిమా అంత తీస్తోంది. మళ్లీ సోమవారం ఇంకొకటి మొదలుపెడుతోంది.

సినిమా సంగతి చూద్దాం. రెండున్నర గంటల మామూలు సినిమాను 60 పని దినాల్లో తీస్తే చకచకా తీశారనే అంటారు. 150 నిమిషాలను 60తో భాగిస్తే రోజుకు రెండున్నర నిమిషాలు. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా 12 గంటల కాల్షీట్ అనుకుందాం. సినిమాలో తెర మీది ఒక్కో నిమిషం వెనక దాదాపు ఐదు గంటల పని ఉంటుంది. రోజుకో ఎపిసోడ్ తీసే సీరియల్‌లో ఆ ఒక్క నిమిషానికి దొరికేది 33 నిమిషాలు. లైటింగు, మేకప్, చీర మార్పు, డైలాగు చూసుకోవడం, టేకు, భోజనం, కరెంటు పోవడం, అన్నీ ఆ 33 నిమిషాల్లోనే.

మరి పని ఎలా పూర్తవుతోంది? కథ క్రమాన్ని పక్కనపెట్టి, చోటును బట్టి తీస్తారు. పెద్ద హాలున్న బంగళా అద్దెకు తీసుకుంటారు. ఆ హాల్లో వచ్చే సీన్లు మంగళవారం ఎపిసోడ్‌వైనా శనివారం ఎపిసోడ్‌వైనా ఒకే పూటలో లాగేస్తారు. సోఫా పక్కన నిలబడ్డ అత్తగారి పాత్రధారి, మంగళవారం కోపం పూర్తికాగానే లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చి, అదే సోఫా పక్కన శనివారం కన్నీళ్లు పెట్టుకోవాలి. మధ్యలో ఏం జరిగిందో ఆమెకు చెప్పేది చేతిలో కాగితాలున్న అసిస్టెంటే. సినిమాలో ఒక కెమెరాతో షాటుకో లైటింగు మారుస్తారు. ఇక్కడ రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. ఒకటి హాలంతా చూస్తుంది, మిగతావి ముఖాల మీద ఉంటాయి. డైలాగు అయ్యాక ప్రతి ముఖం మీదా ఒక రియాక్షన్ తీసుకుంటారు. సీరియల్‌లో ఒక్క మాటకు ఆరుగురి ముఖాలు వరసగా చూపిస్తున్నారని మనం విసుక్కుంటాం. ఆ ఆరు ముఖాలు నిడివిని నింపుతాయి, రేపటికి కథను మిగులుస్తాయి. తక్కువ టైములో ఎక్కువ నిమిషాలు కావాలంటే ఇంతకంటే దగ్గరి దారి లేదు.

డైలాగు బట్టీ పట్టే వ్యవధి ఉండదు కాబట్టి కెమెరా పక్కన నిలబడి ఒకరు మాటలు అందిస్తారు. నటీనటుల్లో కన్నడం నుంచి వచ్చినవాళ్లు ఎందరో. వాళ్లు విన్న మాటను విన్నట్టు పలుకుతూ, ముఖంలో భావం చెదరకుండా చూసుకుంటారు. తర్వాత డబ్బింగ్ కళాకారులు గొంతు ఇస్తారు. వేరొకరి నోటి మాట వింటూ, తనది కాని భాషలో ఏడవడం తేలికైన నటన కాదు. దానికి తగిన గౌరవం మనం ఇవ్వడం లేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

స్టార్ మా ‘కార్తీకదీపం’ 2017 అక్టోబర్ 16న మొదలై 2023 జనవరి 23న ముగిసింది. మొత్తం 1,569 ఎపిసోడ్లు. ఒక్కోటి 22 నిమిషాలనుకుంటే 34,518 నిమిషాలు, అంటే 575 గంటలు. ‘మిస్సమ్మ’ నిడివి 181 నిమిషాలు. అలాంటివి 190 పేర్చితే గానీ ఈ సీరియల్ అంత కాదు. ‘ఆర్ఆర్ఆర్’ షూటింగ్ 2018 నవంబర్ 19న మొదలైంది, సినిమా 2022 మార్చి 25న విడుదలైంది. ఆ 182 నిమిషాల సినిమా పుట్టుక మొత్తం ‘కార్తీకదీపం’ నడిచిన కాలంలోనే ఇమిడిపోయింది. విడుదలకు తొలుత అనుకున్న తేదీ 2020 జులై 30. అది 2021 జనవరి 8కి, అక్టోబర్ 13కి, ఆపైన 2022 జనవరి 7కి మారి చివరికి మార్చి 25కి వచ్చింది. సినిమా ఆగగలదు. కొల్లేటి చెరువుల్లో పట్టిన చేప ఆ పూటే ఐసు వేసుకుని లారీ ఎక్కాల్సిందే, సీరియల్ సరుకూ అలాంటిదే.

ఆ సినిమా తీసిన రాజమౌళిది మన గోదావరి గట్టు కొవ్వూరు కుటుంబం. ఏళ్ల తరబడి ఒక్క సినిమా చెక్కుతారని పేరున్న ఆయన దర్శకుడిగా మొదలైంది ఈటీవీ ‘శాంతినివాసం’ సీరియల్‌తో. ‘స్టూడెంట్ నెం.1’ 2001 సెప్టెంబర్‌లో, ఆ తర్వాతే వచ్చింది. కాబట్టి నెమ్మది, వేగం మనుషుల స్వభావంలో లేవు. టైము ఇస్తే చెక్కుతారు, ఇవ్వకపోతే అదే మనిషి పరుగెత్తుతాడు.

సినిమా మనుషులకు పరుగు తెలియదని కాదు. దెందులూరు మండలంలోనే ఉన్న కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి, సిల్క్ స్మితగా 17 ఏళ్లలో 450కి పైగా సినిమాల్లో నటించింది. ఏడాదికి 26, అంటే రెండు వారాలకొకటి. ఏ డైలీ సీరియల్ నటికీ తీసిపోని పరుగు అది. కాకపోతే చాలా సినిమాల్లో ఆమెది ఒక పాట, కొన్ని సీన్లు. ఆమె ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కు పరుగెత్తింది గానీ, ఏ సినిమాకు ఆ సినిమా తన తీరికలోనే తయారైంది. సీరియల్‌లో పరుగెత్తేది యూనిట్ మొత్తం.

ఈ పరుగును లాగే ఇంకో తాడు గురువారం. టీవీ ప్రేక్షకుల లెక్క తీసే బార్క్ సంస్థ వారం రేటింగులు ఆ రోజు వస్తాయి. సినిమా దర్శకుడికి ప్రేక్షకుల తీర్పు విడుదల తర్వాత ఒక్కసారే అందుతుంది. సీరియల్ రచయితకు ఏడాదికి 52 సార్లు అందుతుంది. అంకె పడితే నడుస్తున్న ట్రాక్ మారిపోతుంది, చచ్చిపోయిన పాత్ర బతికి వస్తుంది, రాసిపెట్టుకున్న సీన్లు మూలన పడతాయి. ఉదయం సెట్‌కు కొత్త కాగితాలు వస్తాయి. కథ సాగదీస్తున్నారన్న మన ఫిర్యాదు న్యాయమైనదే. కానీ సాగదీస్తున్నది రచయిత ఒక్కడే కాదు, ఏడు రోజులకోసారి కథను తిరగరాయించే ఆ అంకె కూడా.

ఎపిసోడ్లు ముందుగా తీసిపెట్టుకోవడాన్ని బ్యాంకింగ్ అంటారు. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగినప్పుడు ఆ నిల్వ ఎంత పలచనో అందరికీ కనిపించింది. కొద్ది రోజుల్లోనే కొత్త ఎపిసోడ్లు అయిపోయాయి, ఛానెళ్లు పాతవే మళ్లీ వేశాయి. తెలంగాణలో జూన్‌లో అనుమతులు వచ్చాకే కెమెరాలు తిరిగాయి.

నేనైతే ఛానెళ్లు రెండు వారాల నిల్వను తప్పనిసరి చేయాలంటాను. అంటే 12 ఎపిసోడ్లు, 264 నిమిషాలు. రోజుకు ఒక్కటే తీసే యూనిట్‌కు ఈ నిల్వ ఎన్నటికీ చేరదు. ప్రసారం మొదలయ్యే ముందే రెండు వారాల జీతం, అద్దె ఛానెల్ పెట్టుబడిగా పెడితేనే చేరుతుంది. ఆ ఒక్క ఖర్చు భరిస్తే, జ్వరం వచ్చిన నటి రెండు రోజులు ఇంట్లో పడుకోవచ్చు, రచయిత ఒక సీన్ చింపేసి మళ్లీ రాసుకోవచ్చు.