అబ్బా బుల్లెట్‌ను తుక్కుకు వేయకండి, ఇంట్లోనే చూసుకోవచ్చు

మన ఇళ్లల్లో చాలాచోట్ల దాదా కాలం నాటి బుల్లెట్ ఒకటి వసారాలో దుమ్ము పట్టి ఉంటుంది. స్టార్ట్ కావడం లేదని కిలోల లెక్కన తుక్కు వాళ్లకు ఇచ్చేస్తారు. నిజానికి పాయింట్ల ఇంజిన్ ఉన్న పాత బుల్లెట్ 350 మొరాయిస్తే, చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది.

ముందు జాగ్రత్త. పని ఆరుబయట చేయండి, పొయ్యి దగ్గర వద్దు. తీసిన పెట్రోల్‌ను నీళ్ల బాటిల్‌లో అస్సలు పోయకండి. పిల్లలు నీళ్లనుకుని తాగేస్తే ప్రాణానికే ముప్పు.

నెలల తరబడి ఆగిన బండిలో పాత పెట్రోల్ తీసేసి, కార్బురేటర్ కడగండి. ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపులను పాడు చేస్తుంది. పైపు పగుళ్లు తేలితే మార్చేయండి. బండి ఆపినప్పుడల్లా పెట్రోల్ ట్యాప్ మూయండి.

తర్వాత పాయింట్లు. సన్నటి ఎమెరీ కాగితంతో నల్లదనం తీసి, శుభ్రమైన గుడ్డతో తుడవండి. పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఫీలర్ గేజ్‌తో చూస్తే సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి.

టాపెట్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

చాలా రోజులు ఆగితే ఆయిల్ ట్యాంకు నుంచి కిందికి దిగిపోతుంది, డిప్‌స్టిక్ తక్కువ చూపిస్తుంది. కంగారుపడి పోసేయకండి. రెండు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, మళ్లీ చూడండి. స్టార్ట్ అవగానే కాస్త పొగ రావడం కూడా ఇందువల్లే.

ఇక కిక్. బలం కాదు, పద్ధతి ముఖ్యం. తాళం వేసి, కిక్ గట్టిపడే దాకా నెమ్మదిగా నొక్కండి. డికంప్రెషర్ పట్టుకుని అమ్మీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా కొంచెం జరపండి. డికంప్రెషర్ వదిలి, కిక్‌ను పైకి రానిచ్చి, ఒక్కటే నిండు కిక్ కొట్టండి. తొందరపడితే కిక్ ఎదురు తన్ని కాలు విరగొచ్చు.

బ్రేకులు సరిగా లేకుండా రోడ్డెక్కకండి. క్రాంక్ బేరింగ్, పిస్టన్ లాంటి పనులు ఉస్తాద్‌కే వదిలేయండి, కానీ పక్కన నిలబడి నేర్చుకోండి.

కాగితాల సంగతి మరచిపోవద్దు. ప్రైవేటు బండి ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత బండ్లకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. అయితే ఆ నంబరు తీసుకుంటే బండిని రోజువారీ పనులకు వాడకూడదు. అందుకే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించుకోండి.

తుక్కు ధర ఒక్కరోజు ఖర్చుకు సరిపోతుంది. అబ్బాను ఈద్గాకు తీసుకెళ్లిన బండి మాత్రం మళ్లీ కొనుక్కుందామన్నా దొరకదు.