కీత్ డగ్లస్: కవిత, కుంచె, గుర్రం, ట్యాంకు

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లిషు సాహిత్యం పోగొట్టుకున్న యువకుల్లో కీత్ డగ్లస్‌ను ముందుగా చెప్పుకోవాలి. 1944 జూన్ 9న ఫ్రాన్సులోని నార్మండీలో చనిపోయేనాటికి అతనికి 24 ఏళ్లు. కవిత్వం రాశాడు, బొమ్మలు వేశాడు, గుర్రపుస్వారీ చేశాడు, రగ్బీ ఆడాడు, ట్యాంకు దళంలో కెప్టెన్ అయ్యాడు. వీటిలో ఏ ఒక్కటీ అతనికి కాలక్షేపం కాదు.

1920 జనవరి 24న ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో పుట్టాడు. తండ్రి మాజీ సైనికాధికారి. పెట్టిన కోళ్లఫారం కలిసిరాలేదు. కీత్‌కు ఎనిమిదేళ్లప్పుడు ఆయన ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. తల్లి జబ్బుతో, డబ్బు కటకటతో సతమతమైంది. క్రైస్ట్స్ హాస్పిటల్ అనే పాత ఆవాస పాఠశాలలో చదువుకున్న కీత్‌కు సైనిక శిక్షణ ఎంత ఇష్టమో, పెద్దల ఆజ్ఞలంటే అంత చిరాకు. ఈ రెండు గుణాలూ చివరిదాకా అతన్ని వదల్లేదు.

1938లో ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కాలేజీలో చేరాడు. అక్కడ పాఠం చెప్పిన ఎడ్మండ్ బ్లండెన్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి బతికి వచ్చిన కవి. శిష్యుడి కవితలను ఆయనే టి.ఎస్. ఎలియట్‌కు పంపాడు. డగ్లస్ అక్కడ ‘చెర్వెల్’ పత్రికకు సంపాదకత్వం కూడా వహించాడు.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే సైన్యంలో పేరిచ్చి, గుర్రాల మీది మక్కువతో అశ్వికదళం కోరుకున్నాడు. 1941లో పశ్చిమాసియాకు వెళ్లి షెర్‌వుడ్ రేంజర్స్‌లో చేరేసరికి ఆ దళం గుర్రాల నుంచి ట్యాంకులకు మారుతోంది. తర్వాత అతన్ని డివిజన్ కార్యాలయంలో, శత్రువు కంటపడకుండా సామగ్రిని మరుగుపరిచే పని మీద కూర్చోబెట్టారు. 1942 అక్టోబరు 23న ఈజిప్టులోని ఎల్ అలమైన్ దగ్గర పోరు మొదలైంది. భారత సైనికులు కూడా పాల్గొన్న పోరు అది. తన దళం ముందు వరసలో ఉంటే తాను కాగితాలు చూసుకుంటూ ఉండటం డగ్లస్‌కు మింగుడుపడలేదు. నాలుగు రోజులకు, ఉత్తర్వులను కాదని, ట్రక్కు తీసుకుని నేరుగా తన దళం దగ్గరికి వెళ్లిపోయాడు. అధికారుల కొరతతో ఉన్న కర్నల్ అతనికి ట్యాంకులు అప్పగించాడు. శిక్షకు తగిన పనే అయినా, అతని అసలు రచన పుట్టింది ఈ ధిక్కారంలోనే.

1943 జనవరిలో లిబియాలోని జెమ్ జెమ్ లోయ దగ్గర మందుపాతర పేలి గాయపడ్డాడు. ఆస్పత్రిలో కోలుకుంటూ కవితలు రాశాడు. ‘ఫర్గెస్‌మైన్‌నిష్ట్’ అనే కవితలో, మూడు వారాల కిందట చనిపోయిన జర్మన్ సైనికుడి పక్కన ప్రియురాలి ఫొటో కనిపిస్తుంది. కవి ఆ శవాన్ని ద్వేషంతో చూడడు, కన్నీళ్లూ పెట్టుకోడు. చిత్రకారుడి కన్ను ఏది చూస్తే దాన్నే, వంకరలతో సహా, మాటల్లో పెడతాడు. అతని బలమంతా ఆ చూపులోనే ఉంది. బొమ్మలు వేసే అలవాటు లేకపోతే ఈ కవిత ఇలా ఉండేది కాదనిపిస్తుంది. ఎడారి యుద్ధం గురించి అతను రాసిన ‘అలమైన్ టు జెమ్ జెమ్’ అనే వచనంలోనూ ఇదే నిక్కచ్చితనం కనిపిస్తుంది.

1943 చివర ఇంగ్లండుకు తిరిగొచ్చిన డగ్లస్, కవితలనూ ఈ వచనాన్నీ ప్రచురణకు సిద్ధం చేసుకున్నాడు. ప్రచురించడానికి ముందుకొచ్చిన తంబిముత్తు సిలోన్ నుంచి లండన్ చేరిన తమిళుడు. పుస్తకాలు వెలువడేలోగా నార్మండీ దండయాత్ర వచ్చింది. జూన్ 6న ఆ తీరంలో దిగిన డగ్లస్, మూడు రోజులకు సెయింట్ పియెర్ ఊరి దగ్గర శత్రువుల జాడ చూసి వస్తూ మోర్టారు దాడిలో మరణించాడు. సమాధి టిల్లీ-సుర్-సెల్ సైనిక శ్మశానంలో ఉంది.

‘అలమైన్ టు జెమ్ జెమ్’ 1946లో అతని బొమ్మలతోనే వచ్చింది. 1951లో కవితల సంపుటం వెలువడింది. అయినా పేరు మరుగునపడుతుండగా 1964లో కవి టెడ్ హ్యూస్ ఎంపిక చేసిన కవితలకు ముందుమాట రాసి ప్రచురించాడు. ఆ తర్వాతే కొత్త తరం డగ్లస్‌ను చదవడం మొదలుపెట్టింది.