పగ్గాలు పట్టినవాడిదే పూచీ

కమ్మింగ్: తప్పు చేసినవాణ్ణి ఏం చెయ్యాలి? పనిలోంచి తీసెయ్యాలా, జీతం కొయ్యాలా, నాలుగు తిట్టి ఊరుకోవాలా? గల్ఫ్‌లో అయినా, సింగపూర్‌లో అయినా, అమెరికాలో అయినా సైటు మీద పనిచేసే మనవాళ్ళకు ఏదో ఒకరోజు ఎదురయ్యే ప్రశ్నే ఇది. మాకు పోయిన మార్చిలో ఎదురైంది. జవాబు మాత్రం మేము ఊహించని చోట దొరికింది. గుర్రపు బండి పందేల నిబంధనల్లో అంటే నమ్ముతారా?

అట్లాంటా నుంచి జీఏ 400 హైవే పట్టుకుని ఉత్తరంగా సుమారు 40 మైళ్ళు వస్తే కమ్మింగ్. ఫోర్సైత్ కౌంటీకి ఇదే ముఖ్యపట్టణం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చి ఇళ్ళు కొనుక్కున్న తెలుగువాళ్ళు ఈ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. ఆ ఇళ్ళు కట్టే పనిలో ఉన్న తెలుగువాళ్ళం మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందిమే. మేమిద్దరం సైట్ సూపర్‌వైజర్లం. ఒకరిది ఒంగోలు వైపు, ఇంకొకరిది కరీంనగర్ వైపు. ఇద్దరం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నేళ్ళు ఎండలో కాలి, ఇక్కడికి చేరినవాళ్ళమే.

అర నిమిషం తేడా

ఆ రోజు అపార్ట్‌మెంట్ల సైటులో మూడో అంతస్తుకు కలప ఎక్కిస్తున్నారు. పొడవాటి చెయ్యి చాచే పెద్ద ఫోర్క్‌లిఫ్ట్‌ను నడుపుతున్నది హోండురాస్ నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు. భోజనానికి పది నిమిషాల ముందు బండిని రివర్స్ చేస్తూ వెనక పేర్చి ఉన్న ప్లైవుడ్ దొంతరను గుద్దేశాడు. దొంతర ఒరిగి పక్కనున్న పరంజా మీద పడింది. పరంజా కాలు వంగిపోయి పైనున్న చెక్కలు ధబధబా కిందకొచ్చాయి. సరిగ్గా అక్కడే, అర నిమిషం ముందు, మా మేస్త్రీ ఒకాయన కూర్చుని బూటు తాడు కట్టుకున్నాడు.

ఎవరికీ గీత కూడా పడలేదు. కానీ మా ఇద్దరికీ కాళ్ళు వణికాయి. భయం కాస్తా కోపమైంది. "రేపట్నుంచి రావద్దు" అనేశాం. కుర్రాడు ఒక్క మాట మాట్లాడలేదు. హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టి తల దించుకున్నాడు. నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాడు ఎలా తల దించుకుంటాడో మాకు తెలియనిది కాదు. గల్ఫ్‌లో మేమూ అలాగే దించుకున్నాం.

మా ఫోర్‌మన్ అరవై దాటిన పెద్దాయన. ఒహాయోలో పుట్టాడు. తండ్రి హార్నెస్ గుర్రాలకు తర్ఫీదు ఇచ్చేవాడట. అక్కడ మంచు ముంచెత్తే రోజుల్లో గుర్రాలను జార్జియా దక్షిణాన ఉన్న హాకిన్స్‌విల్‌కు తోలుకొచ్చేవారట. ఉత్తరాది పందెం గుర్రాలకు చలికాలపు శిక్షణ కేంద్రంగా ఆ చిన్న ఊరికి పేరు. అలా చిన్నప్పుడు వచ్చి చూసిన జార్జియాలోనే చివరికి ఆయన స్థిరపడ్డాడు. ఆ సాయంత్రం మమ్మల్ని పక్కకు పిలిచి ఒక్కటే అడిగాడు: "వాణ్ణి ఏం జరిగిందని అడిగారా?"

అడగలేదు.

"మా పందేల్లో అయితే డ్రైవర్ మాట వినకుండా శిక్ష వెయ్యరు" అన్నాడు. తర్వాత రెండు మూడు రోజులు భోజనం వేళ ఆయన చెప్పినవి విన్నాం, ఫోన్‌లో పందేలు చూపిస్తే చూశాం, ఇంటికెళ్ళి నిబంధనలు చదివాం. మనవాళ్ళకూ చెప్పాలనిపించింది.

జట్కా బండికి చుట్టం

హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులో జాకీ గుర్రం మీద ఎక్కుతాడు. హార్నెస్ పందెంలో అలా కాదు. గుర్రానికి రెండు చక్రాల తేలికపాటి బండి కడతారు. దాని పేరు సల్కీ. డ్రైవర్ అందులో కాళ్ళు ముందుకు చాచి కూర్చుని పగ్గాలు పడతాడు. మన జట్కా బండికి బాగా చిక్కిపోయిన తమ్ముడనుకోండి.

గుర్రాలు స్టాండర్డ్‌బ్రెడ్ జాతివి. వీటికి రెండు నడకలు. ట్రాట్‌లో ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ కలిసి కదులుతాయి. పేస్‌లో ఒకే పక్క ఉన్న రెండు కాళ్ళూ కలిసి కదులుతాయి. దౌడు తియ్యకూడదు. గుర్రం నడక తప్పి దౌడందుకుంటే డ్రైవర్ దాన్ని ఖాళీ చూసుకుని బయటి పక్కకు తప్పించాలి, పగ్గాలు బిగించి మళ్ళీ నడకలోకి తేవాలి. ఆ దౌడు వల్ల ముందుకు పోయి లాభపడకూడదు. ఆ ప్రయత్నం చెయ్యకపోతే అదే ఒక తప్పు.

అమెరికాలో మామూలుగా పందెం ఒక మైలు. మంచి గుర్రాలు రెండు నిమిషాల లోపే ముగిస్తాయి. అంటే గంటకు 30 మైళ్ళ పైమాటే. మొదట్లో గుర్రాలన్నిటినీ ఒక వరసలో సరిగ్గా బయల్దేరదీయడమే పెద్ద తలనొప్పిగా ఉండేది. 1946లో న్యూయార్క్ దగ్గరి రూజ్‌వెల్ట్ రేస్‌వేలో కారుకు రెక్కల్లా గేటు బిగించి, దాని వెనక గుర్రాలను నడిపించే పద్ధతి తెచ్చారు. రూజ్‌వెల్ట్ రేస్‌వే 1988లో మూతపడింది గానీ ఆ గేటు మాత్రం నిలిచింది.

ఇప్పుడు ఊహించుకోండి. ఎనిమిదో పదో బండ్లు చక్రానికి చక్రం ఒరుసుకునేంత దగ్గరగా మలుపు తిరుగుతున్నాయి. ఒక డ్రైవర్ వెనక్కి చూడకుండా పగ్గం ఒక పక్కకు లాగాడు. అతని చక్రం పక్క గుర్రం కాలికి తగిలింది. ఆ గుర్రం పడితే వెనకొచ్చేవాళ్ళకు తప్పుకునే చోటుండదు. "చూడలేదండీ" అనే మాటకు అక్కడ అంత ఖరీదు.

అజాగ్రత్త వేరు, తెగింపు వేరు

మాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడుంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా హార్నెస్ నిబంధనల్లో అజాగ్రత్తగా నడపడం ఒక నేరం, లెక్కలేని తెగింపుతో నడపడం వేరే నేరం. మొదటిదానికి చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు. చూడాల్సినంత చూడలేదు, ఆగాల్సినంత ఆగలేదు, అంతే. అయినా అది తప్పే. రెండోది అపాయం ఉందని తెలిసీ దూరడం. రెంటినీ ఒకే గాటన కట్టరు.

పద్ధతి కూడా చూడండి. న్యూజిలాండ్‌లో స్టీవార్డులు పందెం వీడియో చూసి ఫలానా నిబంధన తప్పావని డ్రైవర్ మీద అభియోగం పెడతారు. తీర్పు చెప్పేది వాళ్ళు కాదు. వేరే కమిటీ ఉంటుంది. 2021 జులై నుంచి ఈ వ్యవహారాలన్నీ రేసింగ్ ఇంటెగ్రిటీ బోర్డు కింద నడుస్తున్నాయి. డ్రైవర్ ఒప్పుకుంటాడో లేదో అడుగుతారు. వీడియో అతనికీ చూపిస్తారు. అతని మాట వింటారు. అజాగ్రత్త ఏపాటిది, ఎవరికి ఎంత ఇబ్బంది కలిగింది, ఇంతకు ముందు రికార్డు ఎలా ఉంది, నిజాయితీగా ఒప్పుకున్నాడా, ఇవన్నీ తూచి జరిమానానో, కొన్ని రోజుల సస్పెన్షనో, రెండూనో వేస్తారు. కారణం రాసి బయటపెడతారు. నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

అమెరికాలో ఇది రాష్ట్రాల చేతిలో ఉంది. జార్జియాలో గుర్రాల మీద పందెం కాయడానికే చట్టం ఒప్పదు కాబట్టి ఆ గొడవ ఇక్కడ లేదు. పందేలు నడిచే రాష్ట్రాల్లో జడ్జీలు విచారణ జరిపి, అడ్డొచ్చిన గుర్రాన్ని అది అడ్డుకున్న గుర్రం కన్నా వెనక స్థానానికి దించెయ్యగలరు. డ్రైవర్‌కు జరిమానా, సస్పెన్షన్ అదనం. ఇక్కడ డ్రైవర్‌కు మామూలుగా దక్కేది గెలిచిన సొమ్ములో 5 శాతం. పది రోజులు పగ్గాలు పట్టొద్దంటే ఆ పది రోజుల కూలీ పోయినట్టే. ఒక రాష్ట్రంలో సస్పెండైనవాణ్ణి పక్క రాష్ట్రంలోనూ మామూలుగా రానివ్వరు.

కానీ గమనించండి, ఆ శిక్షకు ఒక తేదీ ఉంటుంది. పదకొండో రోజున అతను మళ్ళీ డ్రైవరే. శిక్ష అయిపోయింది, మనిషి మిగిలాడు.

ఇక్కడ కారు నడిపే మనవాళ్ళకు ఈ మెట్ల లెక్క కొత్తేం కాదు. జార్జియాలో 2018 జులై 1 నుంచి చేత్తో ఫోన్ పట్టుకుని కారు నడపకూడదు. మొదటిసారి దోషిగా తేలితే 50 డాలర్లు, 1 పాయింటు. రెండోసారి 100 డాలర్లు, 2 పాయింట్లు. మూడోసారి 150 డాలర్లు, 3 పాయింట్లు. అదే లెక్కలేని తెగింపుతో నడిపాడని తేలితే ఒకేసారి 4 పాయింట్లు. రెండేళ్ళలో 15 పాయింట్లు చేరితే లైసెన్సు సస్పెండు. చిన్న తప్పుకు చిన్న దెబ్బ, మళ్ళీ మళ్ళీ చేస్తే పెద్ద దెబ్బ.

అత్త మీద కోపం దుత్త మీద

ఇదంతా చదివాక మాకు గల్ఫ్ రోజులు గుర్తొచ్చాయి. అప్పట్లో మేము పనిచేసిన ఒక కంపెనీలో కాంక్రీట్ బకెట్ ఒరిగిపోయి సామాను పాడైంది. నెలాఖరున జీతంలోంచి ఐదు రోజుల కూలీ కోసేశారు. మాకు చదవరాని భాషలో కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. ఏ నిబంధన తప్పామో, ఎవరు చూశారో, ఐదు రోజులే ఎందుకో ఎవరూ చెప్పలేదు. క్రేన్ తాడు అరిగిందని మేము ముందే చెప్పిన సంగతి ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆ కోత కంటే, "నీ మాటేంటి?" అని ఎవరూ అడక్కపోవడమే ఎక్కువ కాల్చింది.

ఇన్నేళ్ళ తర్వాత మేము చేసిందీ అదే కదా! అనుభవించినవాళ్ళమే ఆ అన్యాయాన్ని ఇంకొకడి చేతిలో పెట్టాం.

మర్నాడు ఆ కుర్రాడికి ఫోన్ చేసి రమ్మన్నాం. స్పానిష్ వచ్చిన ఒకాయన్ని పక్కన కూర్చోబెట్టాం. ఏం జరిగిందో నువ్వే చెప్పమన్నాం. అతను మెల్లగా చెప్పాడు: "ఆ దారిలో నేను పొద్దున్నుంచి ఆరుసార్లు రివర్స్ చేశాను. అప్పుడు ప్లైవుడ్ అక్కడ లేదు. వెనక నిలబడి చెయ్యూపే మనిషి కూడా లేడు. ఆగి దిగి చూడాల్సింది. చూడలేదు. అది నా తప్పే."

మా నోళ్ళు పడిపోయాయి. ప్లైవుడ్ లారీ ముందే వచ్చేసిందని, అక్కడ దింపించమన్నది మేమే. దింపడానికి మనిషి చాలక స్పాటర్‌ను పంపిందీ మేమే. ఆ సంగతి డ్రైవర్‌కు చెప్పనిదీ మేమే. పందెం జడ్జీలు ముందు బండినీ పక్క బండినీ కూడా చూస్తారు, ఎవరి వంతు ఎంతో తేల్చడానికి. మేము ఒక్క బండినే చూశాం. దొరికినవాడు దొంగ, దొరకనివాడు దొర అన్నట్టు.

శిక్షలు ఇద్దరికీ

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనలు తిరగేశాం. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు ప్రమాదంలో గానీ, త్రుటిలో తప్పిన ప్రమాదంలో గానీ ఉంటే అతనికి మళ్ళీ శిక్షణ ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. "తీసెయ్యి" అని లేదు, "నేర్పు" అని ఉంది. ఇన్నాళ్ళూ ఆ లైను మా కంట పడనేలేదు.

చివరికి ఒకే కాగితం మీద రెండు పేరాలు రాశాం. మొదటిది అతనిది: స్పాటర్ లేకుండా రివర్స్ చేశాడు, దిగి చూడలేదు, ఇది అజాగ్రత్త, ఇదే మొదటిసారి, తానే ఒప్పుకున్నాడు. మూడు రోజులు యంత్రం ఎక్కకూడదు, అదే కూలీ మీద కింద పని చెయ్యాలి, మళ్ళీ శిక్షణ, పరీక్ష. రెండో పేరా మాది: దారిలో సామాను దింపించాం, స్పాటర్‌ను తీసేశాం, చెప్పలేదు. ఆ కాగితం కంపెనీకి పంపితే మాకు రాతపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. న్యాయమే. సైటు పగ్గాలు మా చేతిలోనే కదా ఉన్నాయి.

శిక్ష తేలిగ్గా ఉండాలని మా ఉద్దేశం కాదు. పరంజా కింద ఆ మేస్త్రీ ఉండి ఉంటే ఈ కాగితం వేరేగా ఉండేది. అజాగ్రత్తను వదిలేస్తే రేపు ప్రాణం పోతుంది. కానీ భయపెట్టి తీసేస్తే ఇంకోటి జరుగుతుంది. తర్వాతి కుర్రాడు గుద్దిన సంగతి దాచేస్తాడు. దాచిన తప్పు రెండోసారి ఎవరి మీదో పడుతుంది.

చదివే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మీ మీద తప్పు మోపితే ఏ నిబంధనో అడగండి. రాసిమ్మనండి. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకండి. మీ తప్పుంటే ఒప్పుకోండి, ఒప్పుకుంటూనే మిగతాది కూడా చెప్పండి. అమెరికాలో ఉన్నవాళ్ళయితే, భద్రత గురించి నోరు విప్పినందుకు యాజమాన్యం కక్ష తీర్చుకుంటే 30 రోజుల్లోగా ఓషాకు ఫిర్యాదు చెయ్యొచ్చని గుర్తుంచుకోండి. మీరే మేస్త్రీలో, ఫోర్‌మన్లో, సూపర్‌వైజర్లో అయితే, శిక్ష వేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఏం జరిగింది?"

పోయిన వారం ఆ కుర్రాడు బండిని మధ్యలో ఆపేశాడు. ఏమైందని చూస్తే వెనక స్పాటర్ లేడు. హారన్ కొట్టి మా వైపు చూశాడు. మేమే వెళ్ళి వెనక నిలబడి చెయ్యూపాం.