ఆరు వందల ఏళ్ళ కొయ్య ఎముకలగూడు

మీ ముంజేతిని ఒకసారి నొక్కి చూడండి. మెత్తని కండ లోపల గట్టి ఎముక తగులుతుంది. మన శరీరం నిలబడేది ఎముకలగూడు ఆధారంతోనే. ఇదే సూత్రంతో నిలిచిన ఇల్లు ఒకటి ఇంగ్లండులో వుంది.

వూస్టర్‌షైర్‌లోని బ్రెట్‌ఫోర్టన్ అనే పల్లెలో వున్న ఆ ఇంటి పేరు ఫ్లీస్ ఇన్. 15వ శతాబ్దం మొదట్లో ఒక రైతు కట్టుకున్న ఇల్లు అది. 1848లో ఊరివాళ్ళు చేరే పానశాల అయింది. అక్కడ దాన్ని 'పబ్' అంటారు. 1977లో యజమానురాలు మరణించాక, ఆమె కోరిక ప్రకారం నేషనల్ ట్రస్టుకు దక్కింది.

ఇటువంటి ఇళ్ళలో బరువంతా ఓక్ దుంగల చట్రానిదే. గోడలు కేవలం చర్మం వంటివి. చట్రం మధ్య ఖాళీలలో సన్నని కర్రలను తడికలా అల్లి, బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవారు. మన పల్లెల్లోని తడికగోడల పద్ధతి కూడా ఇదే కదా!

మరి దుంగలను కలిపిందెలా? ఒక దుంగ కొసను నాలుకలా చెక్కి, రెండోదాని బెజ్జంలో దూర్చి, అడ్డంగా కొయ్యచీల దిగగొట్టేవారు. చెక్కడానికి తేలికని పచ్చి ఓక్‌నే వాడేవారు. కొయ్య ఆరేటప్పుడు పొడవు దాదాపు తగ్గదు. అడ్డకొలత మాత్రం తగ్గుతుంది. అందువల్ల దుంగలు ఆరేకొద్దీ కీళ్ళు బిగుస్తాయి. పాత ఇళ్ళు కాస్త వంకర తిరిగినా కూలకపోవడానికి ఇదొక కారణం.

ఇప్పుడొక ప్రయోగం చేయండి. నాలుగు అట్టముక్కల బద్దలను మూలల్లో గుండుసూదులతో కలిపి చతురస్రం చేయండి. పక్కకు నెడితే ఒరిగిపోతుంది. ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఇంకో బద్ద బిగించి నెట్టండి. ఇక ఒరగదు! త్రిభుజం భుజాల పొడవు మారనంతవరకు దాని ఆకారమూ మారదు. చట్రం మూలల్లో వడ్రంగులు ఏటవాలు కొయ్యలు బిగించింది అందుకే.

2004 ఫిబ్రవరిలో ఈ పబ్ గడ్డికప్పు అంటుకుంది. ఆరు శతాబ్దాల ఇల్లు బూడిదవుతుందేమోననిపించిన ఘడియ అది. కాని మరమ్మతులు చేసి 2005లో మళ్ళీ తెరిచారు. లావు ఓక్ దుంగ గడ్డిలా భగ్గుమనదు. పైపొర మాడి బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలి కొయ్యకు వేడి త్వరగా చేరకుండా అడ్డుపడుతుంది. నిమిషానికి మాడేది సుమారు అర మిల్లీమీటరే.

మీ ఊళ్ళో పాత పెంకుటిల్లు వుంటే తలెత్తి దూలాల కీళ్ళను చూడండి. వాటి బరువు ఎటునుంచి ఎటు దిగి నేలను చేరుతుందో గీసి చూపగలరా?