చూపు లేనివారికి మన ప్రకటన వినిపిస్తోందా?

ఉపకార వేతనం దరఖాస్తు, పరీక్షా ఫలితం, బ్యాంకు లావాదేవీ అన్నీ ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చేశాయి. కాకినాడో, ఏలూరో వెళ్లకుండా ఊళ్లోనే పని అవుతోందని సంతోషిస్తున్నాం. మరి కళ్లు కనిపించనివారు, చెవులు వినిపించనివారు, వేళ్లు సరిగా కదలనివారు ఆ ఫోన్‌ను ఎలా వాడుతున్నారు? 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులు 22 లక్షలకు పైగా ఉన్నారు. చూపు సమస్య ఉన్నవారే వారిలో సుమారు నాలుగు లక్షలు.

అంధులు ఫోన్ వాడగలరా అని కొందరు అడుగుతారు. చక్కగా వాడగలరు. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘టాక్‌బ్యాక్’ అనే సదుపాయం ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే వేలు పెట్టిన చోట ఏముందో ఫోన్ పైకి చదివి చెబుతుంది. తెలుగు కూడా చదువుతుంది. కంప్యూటర్‌కైతే ‘ఎన్‌వీడీఏ’ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో దీన్ని మొదలుపెట్టాడు. ఆయన కూడా చూపు లేనివాడే.

అయితే ఈ సాధనాలు అక్షరాలనే చదువుతాయి. చిత్రంగా మారిన అక్షరం వాటికి అక్షరం కాదు. మన సంఘాలు ప్రకటనను రంగుల పోస్టరుగా చేసి వాట్సాప్‌లో పంపుతాయి. చూపు లేని విద్యార్థి దాన్ని తాకితే చాలాసార్లు ‘ఫోటో’ అన్న ఒక్క మాటే వినిపిస్తుంది. చివరి తేదీ, అర్హత, ఫోన్ నంబరు అన్నీ ఆ ఫోటోలోనే ఉండిపోతాయి.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. ప్రెస్సుల్లో చాలాకాలంగా వాడుతున్న అను వంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. వాటికి పైన తెలుగు వేషం వేస్తారు. కంటికి తెలుగు కనిపిస్తుంది, చదివే సాఫ్ట్‌వేర్‌కు అర్థంలేని గుర్తులు అందుతాయి. యూనికోడ్‌లో అలా కాదు. ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే సొంత సంఖ్య ఉంటుంది: ‘అ’కు 3077, ‘క’కు 3093. 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఉర్దూ ప్రకటనలదీ ఇదే సంగతి. పాత ఇన్‌పేజ్‌లో టైపు చేసి ఫోటోగా పంపిన ఉర్దూ కూడా ఫోన్‌కు మూగదే.

మిగతావారి ఇబ్బందులు వేరు. వినికిడి లేనివారికి వీడియో కింద మాటలు రాసి ఉండాలి. వేళ్లు వణికేవారికి పెద్ద బటన్లు, ఓటీపీ కొట్టడానికి తగిన సమయం కావాలి. చూపు మందగించినవారికి లేత రంగు మీద లేత అక్షరాలు కనిపించవు. ఆ మాటకొస్తే, ఇంట్లో పెద్దవాళ్లకూ కనిపించవు.

ఇది దయకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. సమాచారం వారికి అందుబాటులో ఉండాలని చెప్పింది. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పమంటే యాసిడ్ దాడిలో కళ్లు పోయినవారు ఏం చేయాలన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 ఏప్రిల్ 30న కోర్టు తీర్పు ఇస్తూ, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది.

మనం చేయగలిగిన పనులకు పెద్ద ఖర్చు లేదు. పోస్టరు పంపినప్పుడు అందులోని విషయమంతా కింద టైపు చేసి పంపాలి. డీటీపీ చేసేవారిని యూనికోడ్ ఫాంటు వాడమని అడగాలి. మండలి, రామభద్ర, ఎన్టీఆర్ వంటివి ఉచితంగానే ఉన్నాయి. ఆన్‌లైన్ దరఖాస్తులో ప్రతి గడికీ ‘తండ్రి పేరు’, ‘పుట్టిన తేదీ’ అని పేరు తగిలించమని తయారుచేసేవారికి చెప్పాలి. ఆ పేరు లేకపోతే ఏ గడిలో ఏం నింపాలో వినేవారికి తెలియదు. విడుదలకు ముందు చూపు లేని ఒక యువకుడో యువతో దాన్ని నింపి చూడాలి. ఆ పనికి తగిన పారితోషికం ఇవ్వాలి.

దాతలు ఇచ్చిన రూపాయి అర్హుడికి చేరాలంటే, ముందు దాని కబురు అతనికి చేరాలి. డబ్బు ఇచ్చేవారు ‘ఈ ప్రకటన చూపు లేనివారికి అందిందా?’ అని ఒక్క మాట అడిగితే నిర్వాహకులు తప్పక పట్టించుకుంటారు.

ఈ సంచిక పీడీఎఫ్ మీ ఫోన్‌కు వస్తే ఒక చిన్న పరీక్ష చేయండి. ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగు వస్తే మంచిదే. పిచ్చి గుర్తులు వచ్చినా, అసలు కాపీయే కాకపోయినా, వచ్చే సంచికకు ఏం మార్చాలో కార్యవర్గానికి తెలియజేయండి.