మీకు తెలుసా? ఎర లేని గాలం, లారీలో దిగే చేప

మన కాలవగట్టు మీద గాలం వేసేవాడికి ముందు కావలసింది వానపాము. దొరక్కపోతే ఇంత పిండి ముద్ద. ఫ్లై ఫిషింగ్‌లో ఆ బాధ లేదు. కొక్కేనికి కాస్త ఈక, కాస్త బొచ్చు, నాలుగు చుట్లు దారం చుట్టి పురుగులా కనబడేట్టు చేస్తారు. దాని పేరే ‘ఫ్లై’. తినడానికి అందులో ఏమీ ఉండదు. చల్లటి ఏటి నీళ్ళలో బతికే ట్రౌట్ చేప దాన్ని చూసి మోసపోవాలి, అంతే.

మామూలు గాలానికైతే సీసపు గుండు కడతాం. విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఈకని విసిరితే ఎంత దూరం పోతుంది? అందుకే ఇక్కడ బరువంతా తాడులో పెట్టారు. కర్రని వెనక్కీ ముందుకీ ఊపితే ఆ లావుపాటి తాడు కొరడాలా గాలిలో సాగి, చివరనున్న ఉత్తుత్తి పురుగుని నీటి మీద దించుతుంది. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. నేర్చుకునేవాడికి మాత్రం మొదటిరోజు చేపలకంటే వెనక ఉన్న చెట్టుకొమ్మలే ఎక్కువ పడతాయి.

ఈ మోసం నిన్నమొన్నటిది కాదు. సుమారు 1,800 ఏళ్ళ కిందటే రోమన్ రచయిత ఏలియన్ దీని గురించి రాశాడు. మాసిడోనియాలో ఒక ఏటి మీద వాలే పురుగుల్ని అక్కడి చేపలు ఇష్టంగా తింటాయట. ఆ పురుగునే పట్టి గుచ్చుదామంటే మనిషి చెయ్యి తగలగానే రంగు పోయి, రెక్కలు వాడిపోయి పనికిరాకుండా పోతుందట. దాంతో అక్కడి జాలర్లు కొక్కేనికి ఎర్రటి ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడ కింద మైనం రంగులో ఉండే రెండు ఈకలు కట్టారు. కర్ర ఆరడుగులు, దారమూ అంతే. పద్ధెనిమిది వందల ఏళ్ళలో ఈకల సంగతి పెద్దగా మారలేదు. నేటికీ ఫ్లై కట్టేవాళ్ళు పుంజు మెడ ఈకల్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, రంగు కుదిరితేనే కొంటారు. డేగ, కాకి, నెమలి అని ఈక చూసి పుంజుకు పేరు పెట్టే గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ పిచ్చిని విడమర్చి చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, ఈ కథలో మన అడవికోడి కూడా ఉంది. దక్షిణ భారతంలో తిరిగే బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల మీద లక్క అద్దినట్టు మెరిసే చుక్కలుంటాయి. సాల్మన్ చేపల కోసం కట్టే ఫ్లైలకు కళ్ళుగా ఆ చుక్కల్నే పెట్టేవారు. ఈకల కోసం ఇక్కడి పక్షుల్ని చంపి ఓడల్లో పంపారు. ఎగుమతిని మన దేశం ఆపేసి దశాబ్దాలైంది. స్థూలంగా గోదావరికి ఉత్తరాన ఎర్ర అడవికోడి, దక్షిణాన ఈ బూడిదరంగుది ఉంటాయని పక్షిశాస్త్రజ్ఞులు గీత గీశారు. అంటే నల్లమలలో తెల్లవారుజామున కూసే పుంజు కళ్ళలాంటి ఈకల కోసం స్కాట్లండ్ ఏటిగట్టున ఎదురుచూసినవాళ్ళు ఉన్నారన్నమాట.

ఇక చేప సంగతి. నదిలో పట్టే ట్రౌట్ అంతా నదిలో పుట్టిందే అనుకుంటాం. చాలాచోట్ల కాదు. తెలంగాణ చెరువుల్లో ఏటా చేపపిల్లల్ని వదిలినట్టే, అమెరికాలో రాష్ట్రాల మత్స్యశాఖలు ట్రౌట్‌ని తొట్లలో పెంచి, నీళ్ళ లారీల్లో తెచ్చి నదుల్లో వదులుతాయి. పట్టాక అది ఎక్కడిదో పోల్చుకోవడానికి రెక్కలు చూస్తారు. సిమెంటు తొట్టిలో పెరిగినదాని రెక్కలు ఒరుసుకుపోయి మొద్దుగా ఉంటాయి.

మేత గుళికలు తిని పెరిగిన చేపకు పురుగు రుచి వెంటనే ఏం తెలుస్తుంది? అందుకని సరిగ్గా ఆ గుళికలా కనిపించే గోధుమరంగు బొచ్చు ఉండ కట్టి, దానికి ‘పెల్లెట్ ఫ్లై’ అని పేరు పెట్టిన మహానుభావులున్నారు. ఇది సిసలైన ఫ్లై ఫిషింగేనా అని పెద్దవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటారు. నా మటుకు నాకు దీనికీ ఏలియన్ చెప్పినదానికీ తేడా ఏమీ కనబడదు. చేప ఏం తింటుందో చూసి అది కట్టడమే కదా పని.

యూటా రాష్ట్రంలో చేపలు ఆకాశం నుంచి పడతాయి. దారి లేని కొండల్లోని సరస్సులకు ఒకప్పుడు పాలక్యాన్లలో పోసి గుర్రాల మీద మోసుకెళ్ళేవారు. 1956 నుంచి విమానంలోంచే కుమ్మరిస్తున్నారు. పిల్లలు ఒకటి నుంచి మూడంగుళాలవే కావడంతో ఆకుల్లా తేలుతూ దిగుతాయి. నూటికి 95కు పైగా బతుకుతాయని అక్కడి వన్యప్రాణి శాఖ లెక్క.

అమెరికా నదుల్లో ఇప్పుడు విరివిగా కనిపించే బ్రౌన్ ట్రౌట్ అక్కడిది కాదు. ఇద్దరి స్నేహం వల్ల వచ్చింది. 1880లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనకు ఫ్రెడ్ మాథర్ అనే అమెరికన్ వెళ్ళాడు. అక్కడ జర్మన్ మత్స్యసంఘం అధ్యక్షుడు బారన్ ఫాన్ బేర్‌తో పరిచయమైంది. జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ వాగుల్లో బ్రౌన్ ట్రౌట్ పట్టిన మాథర్‌కు దాని మీద మనసైంది. 1883లో ‘వెర్రా’ అనే ఓడలో 80,000 గుడ్లు న్యూయార్క్ చేరాయి. బ్రౌన్ ట్రౌట్ పిల్లల్ని మరుసటి ఏడు ఏప్రిల్‌లో మిషిగన్‌లోని బాల్డ్విన్ నదిలో వదిలారు. తొలుత జనం సంతోషించలేదు. స్థానిక బ్రూక్ ట్రౌట్‌ని ఇది తినేస్తోందనీ, ఒక పట్టాన గాలానికి చిక్కదనీ గొణిగారు. చిక్కకపోవడమే తరవాత దాని గొప్ప అయింది.

టాస్మేనియా కథ ఇంకా తమాషా. 1864లో ‘నార్ఫోక్’ ఓడలో ఇంగ్లండ్ నుంచి సుమారు 90,000 సాల్మన్ గుడ్లు నాచులో సర్ది, మంచు కింద పెట్టి పంపారు. ఫ్రాంక్ బక్లండ్, ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు మిత్రులు, పోతే పోయాయి ఉండనీ అని కాసిని ట్రౌట్ గుడ్లు కూడా అందులో వేశారు. సాల్మన్లు పెరిగి సముద్రంలోకి వెళ్ళి మళ్ళీ తిరిగి రాలేదు. కొసరుగా వేసినవే నిలిచాయి. వాటి సంతానమే న్యూజీలండ్‌కూ వెళ్ళింది.

కాశ్మీర్‌కు ట్రౌట్ తెచ్చిన ఫ్రాంక్ మిచెల్ అప్పటికి మత్స్యశాఖ మనిషి కాదు, తివాచీల వ్యాపారి. 1899లో వచ్చిన గుడ్లు దారిలోనే పాడైపోయాయి. 1900లో వచ్చినవి బతికాయి. ఇవాళ లిద్దర్, బ్రింగి లాంటి నదుల్ని ‘బీట్లు’గా విడగొట్టి పర్మిట్ మీద గాలానికి ఇస్తున్నారు. నీరు సుమారు 20 డిగ్రీలు దాటితే ఇబ్బందిపడే ఈ చేపను ఇప్పుడు రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలంలోనూ పెంచుతున్నారు. నదిలో కాదు లెండి. తొట్లలో, నీటిని చల్లబరిచి, వడగట్టి, తిప్పి తిప్పి వాడుతూ.

చేపలు పట్టేవాడు ఒంటరిగా ఉంటాడనుకుంటాం గానీ, ఈ ఆటలో ప్రసిద్ధమైన కట్టడం ఒక స్నేహానికి గుర్తు. ‘ద కంప్లీట్ యాంగ్లర్’ అనే చేపల వేట పుస్తకం రాసిన ఐజక్ వాల్టన్‌కు ఫ్లై విద్య అంతగా రాదు. 1676 నాటి ముద్రణకు ఆ భాగం రాసిచ్చింది ఆయనకంటే 37 ఏళ్ళు చిన్నవాడైన చార్లెస్ కాటన్. ఇంగ్లండ్‌లోని డవ్ నది ఒడ్డున కాటన్ 1674లో కట్టిన చిన్న ఇంటి గుమ్మం పైన ఇద్దరి పేర్ల అక్షరాలూ ఒకదానిలో ఒకటి పెనవేసి చెక్కి ఉన్నాయి.

నది దగ్గర కొన్ని మర్యాదలున్నాయి. అప్పటికే నీళ్ళలో ఉన్న మనిషి ముందుకు వెళ్ళి దిగకూడదు. ‘ఎగువకా, దిగువకా?’ అని అడిగి రెండోవైపు పోవాలి. తరవాతి ప్రశ్న, ‘ఇవాళ ఏం తింటున్నాయి?’ ముక్కూ మొహం తెలియనివాడు కూడా డబ్బా తెరిచి, రాత్రి కూర్చుని తాను కట్టుకున్న ఫ్లై ఒకటి తీసి మీ చేతిలో పెడతాడు. చేపలున్న మడుగు ఎక్కడో మాత్రం చెప్పడు. అది అడగడమూ పద్ధతి కాదు.

ఈ విసురు వైద్యానికీ పనికొచ్చింది. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స అయిన స్త్రీలకు భుజం మెల్లగా సాగడం అవసరం. గాలం విసరడంలో ఉన్నది ఆ కదలికే. దీన్ని పట్టుకుని 1996లో అమెరికాలోని వెర్మాంట్‌లో ఒక వైద్యురాలు, ఒక ఫ్లై ఫిషింగ్ నిపుణురాలు కలిసి ‘క్యాస్టింగ్ ఫర్ రికవరీ’ మొదలుపెట్టారు. శిబిరానికి వచ్చేవాళ్ళ దగ్గర డబ్బు తీసుకోరు.

న్యూయార్క్ రాష్ట్రంలో రాస్కో అనే చిన్న ఊరుంది. బీవర్‌కిల్, విల్లోవీమాక్ అనే రెండు ఏర్లు అక్కడ కలిసి ఒక మడుగు కట్టాయి. ఏప్రిల్ 1న ఎముకలు కొరికే చలిలో జనం ఆ మడుగు చుట్టూ చేరడం పాత ఆనవాయితీ. అందులో రెండు తలల ట్రౌట్ ఒకటుందని ఊరివాళ్ళు చెబుతారు. గుడ్లు పెట్టడానికి ఈ ఏట్లోకి ఎక్కుదామని ఒక తల, ఆ ఏట్లోకని ఇంకో తల. ఎటూ తేలక మడుగులోనే ఉండిపోయిందట.