రెండు మొక్కల కషాయము

పెరూ దేశమున, అమెజాన్ అడవుల అంచున తారపోతో అను పట్టణము కలదు. అచ్చట 1992లో ఫ్రెంచి వైద్యుడు జాక్ మాబీ మొదలగువారు తాకివాసి అను చికిత్సాకేంద్రమును నెలకొల్పిరి. మాదకద్రవ్యములకు బానిసలైనవారికి ఆదివాసుల మూలికావైద్యమును, మానసిక చికిత్సను కలిపి చేయుట దాని పద్ధతి.

ఆ మూలికలలో ముఖ్యమైనది అయహువాస్కా. ఒక తీగను, ఒక చెట్టు ఆకును కలిపి గంటలకొలది కాచి ఈ కషాయమును చేయుదురు. తీగ మన మాధవీలత కుటుంబమునకు, ఆకు కాఫీ కుటుంబమునకు చెందినవి. ఆకులో డి.ఎం.టి. అను పదార్థము కలదు. కంటి యెదుట లేని దృశ్యములను మనస్సునకు గోచరింపజేయునది ఇదియే. కాని ఆకును మాత్రమే కాచి త్రాగినచో ఇట్టి ఫలితము కలుగదు. ఏలన, పేగులలోను కాలేయములోను ఉండు మోనోఅమీన్ ఆక్సిడేజ్ అను ఎంజైము దానిని మెదడు చేరకమునుపే విచ్ఛిన్నము చేయును. తీగలోని హార్మీన్ ఈ ఎంజైమును కొన్ని గంటలపాటు అణచియుంచును. కావలివాడు నిద్రించినపుడు ఆకులోని పదార్థము లోనికి ప్రవేశించునన్నమాట.

అపాయమును ఇచ్చటనే కలదు. మన శరీరములోని సెరటోనిన్‌ను విచ్ఛిన్నము చేయునదియు ఆ ఎంజైమే. మనోవ్యాకులతకు వాడు మాత్రలలో అనేకము సెరటోనిన్ ప్రభావమును పెంచును. అట్టి మాత్రలు వాడువారు ఈ కషాయమును త్రాగినచో ఆ ప్రభావము హద్దుమీరి, తీవ్రజ్వరము, వణుకు కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. వైద్యుని అడుగక ఆ మాత్రలను హఠాత్తుగా మానుటయు క్షేమము కాదు.

ఈ కషాయపు సంప్రదాయ వినియోగమును పెరూ ప్రభుత్వము 2008లో జాతీయ సాంస్కృతిక వారసత్వముగా ప్రకటించినది. రెండు మొక్కల పొత్తును అడవి ప్రజలు అనుభవముచే కనుగొనిరి. రోగి వాడుచున్న మూడవ మందు ఏదియో ముందుగా విచారించుట వైద్యుని విధి.